ఇద్దరికి చాలిన చోటు

కుటుంబ జీవిత పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 24:61–67, 16:6–14, 25:11, రూతు 2:4–14



మనలో అనేకులకు ఆరుబయట ఒక ప్రియమైన చోటుండును. కొందరికది చెరువుగట్టు, కొందరికి చేని గట్టున వేపచెట్టు నీడ, బాపట్ల వైపువారికి సూర్యలంక సముద్రతీరము. చిన్ననాటినుండి అక్కడ కూర్చుండి మన సంతోషమును దుఃఖమును ఆ చోటికే చెప్పుకొనియుందుము. వివాహము నిశ్చయమైనప్పుడు గాని, క్రొత్తగా పెండ్లియైనప్పుడు గాని, ఆ చోటును జీవిత భాగస్వామికి చూపవలెనని మనస్సు ఉవ్విళ్లూరును. ఇది మంచి కోరిక. అయితే ఇందులో ఒక పొరపాటునకు తావున్నది. ఆ పొరపాటు నేను చేసితిని గనుక ఈ నెల పాఠమును నా సంగతితోనే మొదలుపెట్టుచున్నాను.

మా ఊరి గుట్ట

మా ఊరు చిలకలూరిపేటకును నరసరావుపేటకును నడుమ నల్లరేగడి భూములలో నున్నది. ఊరి వెలుపల చిన్న రాతిగుట్ట ఒకటి కలదు. ఎక్కుటకు పది నిమిషములైనను పట్టదు. పైన ఒక వేపచెట్టు, కూర్చుండుటకు ఒక చదునైన బండ. అక్కడినుండి చూచినయెడల పడమట కోటప్పకొండ మూడు శిఖరములును, ఈశాన్యమున కొండవీటి కొండల వరుసయు కనబడును. క్రింద మా మూడెకరముల మిరపచేను. చిన్నప్పుడు నాయన నన్ను భుజముమీద ఎక్కించుకొని అక్కడికి తీసికొని వెళ్లెడివాడు. ఆయన పోయిన తరువాత నేనొంటరిగా వెళ్లుచుండెడివాడను. పరీక్ష తప్పిన నాడు అక్కడికే వెళ్లితిని. పంతులు ఉద్యోగపు ఉత్తరువు చేతికి వచ్చిన నాడును అక్కడికే వెళ్లితిని.

1990 ఫిబ్రవరిలో నాకు వివాహమైనది. మా ప్రాంతములో అది మిరప కాలము. వర్షాకాలములో నారు పోసి, ఆగస్టు సెప్టెంబరు నెలలలో నాటిన మొక్క సంక్రాంతి నాటికి కాయ పండును. అప్పటినుండి వేసవి వరకు మూడు నాలుగు కోతలు. కోసిన కాయను కల్లములో పరచి, పది పదిహేను దినములు త్రిప్పి త్రిప్పి ఎండబెట్టి, తాలుకాయలు ఏరివేసి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపుదురు. ఆ దినములలో గుట్టమీదనుండి చూచినయెడల నల్లని నేలమీద ఎఱ్ఱని దుప్పట్లు పరచినట్లుండును. లోకములో ఇంతకు మించిన దృశ్యము లేదని నా నమ్మకము.

పెండ్లియైన రెండవ వారములో ఒక సాయంకాలము నా భార్యను అక్కడికి తీసికొని వెళ్లితిని. దారి పొడుగున నేనే మాటలాడితిని. బండమీద కూర్చుండబెట్టి, ఇది కోటప్పకొండ, అది కొండవీడు, ఇది నాయన కూర్చుండిన చోటు అని వరుసగా చూపితిని. చివరకు మా చేనిలో వంగి కాయ కోయుచున్న కూలి స్త్రీల వైపు చేయి చాపి, "ఆ రంగురంగుల చీరలు చూడు, చేను పూసినట్టు లేదూ?" అంటిని.

ఆమె ఏమియు అనలేదు. కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని ముఖము అటు త్రిప్పుకొనెను. కొంతసేపటికి, "ఇంటికి పోదామండీ, ఘాటుకు కళ్లు మండుతున్నాయి" అనెను.

నేను నొచ్చుకొంటిని. ఇంత ప్రేమతో చూపితే ఒక్క మంచి మాటయైనను అనలేదే, ఈమెకు ఇటువంటివాటి యందు రుచి లేదని మనస్సులో తీర్పు తీర్చితిని. దిగివచ్చునప్పుడు ఇద్దరమును మాటలాడలేదు. అటు తరువాత రెండు నెలలు నేనొక్కడనే గుట్టకు పోవుచు వచ్చితిని. ఎక్కడికని ఆమె అడుగలేదు. ఇంటిలో మాటలు తగ్గెను.

గుండ్లకమ్మ యిసుక

ఏప్రిలు నెలలో అత్తవారి ఊరికి వెళ్లితిమి. అది నాటి ప్రకాశం జిల్లాలో అద్దంకి దగ్గర. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఆ ప్రక్కనుండి సముద్రమునకు పోవును. వేసవిలో పైన నీరుండదు. ఇసుకలో చెలమ త్రవ్వినయెడల ఊట నీరు వచ్చును. ఒక సాయంకాలము నా భార్య, "రండి, మీకొక చోటు చూపిస్తాను" అని నన్ను ఏటిలోనికి తీసికొనిపోయెను.

ఉన్నమాట చెప్పవలెను. అక్కడ చూడదగినదేదియు నాకు కనబడలేదు. ఎండిన ఏరు, తుమ్మపొదలు, మేత లేక తిరుగుచున్న నాలుగు గొఱ్ఱెలు. ఆమె ఒక చెలమ ప్రక్కన కూర్చుండి నీళ్లలో చేతులు పెట్టి చాలసేపు తీయలేదు. తరువాత మెల్లగా చెప్పెను.

"ఏమండీ, ఆ రోజు మీరు చూపించారే, చేలో వంగినవాళ్లను. నేనూ అట్లా వంగి కాయ కోసినదాన్నే. రెండేళ్లు కోశాను."

మా మామగారు కౌలుకు భూమి తీసికొని పత్తి వేసెడివారు. 1987–88 పంటకాలములో తెల్లదోమయు పురుగును పత్తిని పాడుచేయగా, గుంటూరు ప్రకాశం జిల్లాలలో అప్పులపాలైన రైతులు అనేకులు ప్రాణములు తీసికొన్న సంగతి పెద్దవారికి జ్ఞాపకముండును. మా మామగారు బ్రతికియుండిరి గాని ఎద్దులను అమ్మివేసిరి. తరువాతి రెండు కోతకాలములును మా అత్తగారును ఇద్దరు కుమార్తెలును మిరప కోతలకు పోయిరి. పెండ్లిమాటలలో ఈ సంగతి ఎవరును ఎత్తలేదు. ఎత్తిన చిన్నతనమని వారనుకొనిరి. అడుగవలెనని మాకును తోచలేదు.

కాయ కోసిన చేతి మంట ఎట్టిదో కోసినవారికే తెలియును. మిరప ఘాటు కాయ లోపల గింజలను అంటియున్న తెల్లని పొరలో ఎక్కువగా నుండును. కాప్సైసిన్ అను ఆ పదార్థము నీటిలో సరిగా కరుగదు. నూనెలోను వెన్నలోను కరుగును. కావున నీళ్లతో ఎంత కడిగినను మంట చల్లారదు. అదే చేతితో కన్ను తుడుచుకొన్న కన్ను మండును. చంటిబిడ్డ ఏడ్చుచున్నను ఎత్తుకొనుటకు తల్లికి భయమే.

"కోతలనుంచి వస్తూ అందరం ఇక్కడ ఆగేవాళ్లం. అమ్మ ముంతలో మజ్జిగ దాచి తెచ్చేది. చేతులకు రాసుకొని, ఇసకతో రుద్దుకొని, ఈ చెలమల్లో కడుక్కొనేవాళ్లం. పొద్దుటినుంచి నవ్వనివాళ్లం ఇక్కడికొచ్చి నవ్వేవాళ్లం. నాకు ఇష్టమైన చోటు ఏదని మీరెప్పుడూ అడగలేదు. ఇదేనండీ" అనెను.

నేను ఏమి జవాబు చెప్పగలను? చేను పూసినట్టున్నదని నేను చూపిన ఆ చీరలలో ఒకటి ఆమెది, ఒకటి ఆమె తల్లిది. నేను గుట్టమీదనుండి చూచితిని. ఆమె చేనిలోనుండి చూచినది. చోటు ఒక్కటే.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆదికాండము 24వ అధ్యాయము తీసి చదివితిని. మా పెండ్లినాడు చదివిన భాగమది. అందులో అంతకు ముందు నాకు కనబడని కొన్ని సంగతులు కనబడినవి. వాటినే ఇప్పుడు మీ ముందు పెట్టుచున్నాను.

1. ప్రియమైన చోటు కలిగియుండుట తప్పు కాదు

ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి ఒంటరిగా వెళ్లి ధ్యానించుచుండెను. తల్లియైన శారా మరణించిన దుఃఖము ఆయనకింకను తీరలేదని అధ్యాయము చివరి వచనమువలన తెలియుచున్నది. దుఃఖములోనున్నవానికి ఆరుబయలు ఒక ఆదరణ. కావున పెండ్లి కాగానే ఒంటరి చోటు విడిచిపెట్టవలెనని ఎవరును అనుకొనవద్దు. చూపుట ఎట్లు అన్నదే మన పాఠము.

2. వచ్చినవారు ఎక్కువ విడిచి వచ్చిరని తలంచుము

రిబ్కా వందల మైళ్లు ఒంటెమీద ప్రయాణము చేసి వచ్చినది. తాను నీళ్లు చేదిన బావిని, తన తల్లి యింటిని విడిచి వచ్చినది. ఇస్సాకునకు ఆ పొలము ఎన్నాళ్లనుండియో తెలిసినది; ఆమెకు అందులో ప్రతి పొదయు క్రొత్తది. మన ఊళ్లలో నేటికిని పెండ్లియైన తరువాత సాధారణముగా ఊరు మారునది స్త్రీయే. తన చెలమను విడిచి వచ్చిన మనిషికి మన గుట్ట మొదటి చూపులోనే నచ్చవలెనని కోరుట న్యాయమా?

ఇంకొక సంగతి గమనించుడి. ఇస్సాకు తన చోట నిలిచి, ఆమె వచ్చి మెచ్చుకొనువరకు కనిపెట్టలేదు. పొలములో ఆమెకు ఎదురుగా నడిచెను. ఆ మనుష్యుడెవరని మొదట అడిగినది రిబ్కాయే. చూపువాడు ఎదురు నడువవలెను, చూచువారికి అడుగుటకు తావు ఇయ్యవలెను. నేను గుట్టమీద ఒక్క ప్రశ్నకైనను తావు ఇయ్యలేదు.

3. ఒకే చోట ఇద్దరికి రెండు జ్ఞాపకములుండవచ్చును

ఆ సాయంకాలమునకు ముందు ఇస్సాకు బెయేర్ లహాయిరోయి మార్గమున వచ్చియుండెనని 62వ వచనము చెప్పుచున్నది. తరువాత 25వ అధ్యాయము 11వ వచనములో ఆయన ఆ బావి యొద్దనే కాపురముండెనని చదువుదుము. ఆయనకు ప్రియమైన ప్రదేశమది. అయితే ఆ బావికి ఆ పేరు ఎట్లు వచ్చెను? 16వ అధ్యాయము చూడుడి. ఇస్సాకు పుట్టకముందే, ఆయన తల్లియైన శారయి పెట్టిన శ్రమను తాళలేక పారిపోయిన దాసి హాగరు, గర్భవతియై ఆ నీటియొద్ద చిక్కుకొనెను. తన్ను చూచుచున్న దేవుడని ఆమె అక్కడ మొరపెట్టిన మాటనుబట్టియే ఆ బావికి పేరు కలిగెను.

ఇస్సాకు నివసించిన చోటు, అంతకు ముందు ఆయన తల్లి చేత బాధపడిన స్త్రీ కన్నీటి చోటు. మన చేలు కూడ ఇట్టివే. భూమి గలవానికి కల్లము పంట. కోసినదానికి చేతి మంట. ఈ రెండును నిజములే. కల్లము అందమును కాదనుట నా భార్య ఉద్దేశము కాదు. ఆ అందము క్రింద తన తల్లి చేతులున్నవని మాత్రమే ఆమెకు తెలియును. ప్రేమించినవారి జ్ఞాపకము మన జ్ఞాపకమును కొట్టివేయుటకు రాదు. దానికి లేని సగమును తెచ్చును.

4. చూపుటకంటె అడుగుట మేలు

బోయజు తన పొలమునకు వచ్చినప్పుడు పంట ఎట్లున్నదని అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. పరిగె ఏరుచున్న పరదేశిని చూచి, ఆమె ఎవరని అడిగెను. ఆమెకు త్రాగుటకు నీళ్లున్న చోటు చెప్పెను, భోజనమునకు పిలిచెను. వారి వివాహము తరువాతి సంగతి. మొదట పొలములోని మనిషిని చూచుట జరిగెను.

మన ప్రాంతములో అందరెరిగిన దృష్టాంతము ఒంగోలు ప్రార్థన కొండ. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండ ఎక్కిరి: నెల్లూరినుండి వచ్చిన మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. చదువరులారా, లెక్కించుడి: అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. జూయెట్ దొర తన భార్యను క్రింద విడిచి పోలేదు. తానొక్కడే చూచి వచ్చి చెప్పలేదు. క్రిందనున్న ఒక స్థలమును చూపి, మిషను బంగళాకు ఇది నీకు నచ్చునా అన్నట్లు ఆయన జూలియానే అడిగెనని మిషను చరిత్రలు చెప్పుచున్నవి. దొర అయియుండి తెలుగు స్త్రీని అడిగెను. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టువరకు పండ్రెండేండ్లు గడచినవి. అంతవరకు ఆ చోటు మరువబడలేదు. ఒక్కని తలంపులో మాత్రమే యున్న చోటు అతనితోనే పోవును. అయిదుగురు చూచి, అయిదుగురు మాటలాడుకొన్న చోటు నిలుచును.

5. చేయదగిన కొన్ని సంగతులు

మా అనుభవమునుబట్టి యౌవనస్థులకు నాలుగు మాటలు చెప్పుదును. నిశ్చితార్థమైనవారికిని, క్రొత్తగా పెండ్లియైనవారికిని ఇవి పనికివచ్చును. పురుషులకే కాదు, భర్తకు తన చోటు చూపు స్త్రీకిని ఇవే వర్తించును.

మొదటిది, ఆ చోటును పరీక్షగా పెట్టవద్దు. "నాకు నచ్చినది నీకు నచ్చకపోతే నీవు నాకు తగవు" అను మాట నోట రాకున్నను మనస్సులో మెదలును. దానిని అక్కడే అణచివేయవలెను.

రెండవది, అక్కడికి చేరిన తరువాత కొంతసేపు ఊరకుండుము. నీ చిన్ననాటి కథలన్నియు ఒక్క సాయంకాలములోనే చెప్పనక్కరలేదు. "నీకేమి కనబడుచున్నది?" అని అడిగి, జవాబు ఎట్టిదైనను వినుము.

మూడవది, రానన్నను, త్వరగా పోదమన్నను నొచ్చుకొనవద్దు. కారణము ఆ దినమే తెలియనక్కరలేదు. నాకు రెండు నెలలు పట్టెను. నేను అలుగక యుండినయెడల రెండు దినములలోనే తెలిసియుండునేమో.

నాలుగవది, వారి చోటికి నీవును వెళ్లుము. అక్కడ చూడదగినదేమియు లేదని తోచినను కూర్చుండుము.

మేము చేసినది

మా కథ ఎట్లు ముగిసెనని అడుగుదురేమో. గుట్టను నేను విడిచిపెట్టలేదు. ఆమె కూడ విడువుమని కోరలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో వాన వెలిసిన ఒక సాయంకాలము, "ఇప్పుడు పోదాం రండి, ఇప్పుడు ఘాటుండదు" అని ఆమెయే బయలుదేరెను. నాటిన మొక్కలు జానెడెత్తున లేచి, నల్లరేగడి మీద పచ్చని వరుసలు తీరియుండెను. వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన నేల నీరు త్రాగి ఉబ్బి మూసికొనియుండెను. మిరప కాలమే చూడదగిన కాలమని ఇన్నేండ్లు నమ్మిన నేను, వానకాలములో ఆ గుట్టమీద అంతసేపు ఎన్నడును కూర్చుండలేదు. ఆమె వలననే నా చోటు నాకు మరియొక మారు దొరికినది. నాటినుండి మేమిద్దరము వెళ్లునది వానకాలములోనే. ఫిబ్రవరిలో ఆమె రాదు, నేను రమ్మనను.

మరియొక సంగతియు జరిగెను. మరుసటి కోతల నాటినుండి మా చేని గట్టున మజ్జిగ కుండయు, నూనె గిన్నెయు పెట్టుట ఆమె మొదలుపెట్టెను. పని దిగిన స్త్రీలు ముందుగా అక్కడికి వచ్చి చేతులకు రాసికొందురు. ఇప్పుడు నేను గుట్టమీద ఒంటరిగా కూర్చుండినప్పుడు చీరల రంగులు చూడను. ఎవరు ముందుగా కుండ దగ్గరకు వచ్చుచున్నారో, ఎవరు వెనుకబడిరో చూచుచున్నాను. చాలమంది పేర్లు నాకు తెలియును.

ఇస్సాకు ఆ సాయంకాలము కన్నులెత్తి చూచినప్పుడు ఒంటెలు కనబడెను. రిబ్కా కన్నులెత్తి చూచినప్పుడు ఒక మనుష్యుడు కనబడెను. ఇద్దరును కన్నులెత్తిరి. అటు తరువాతనే ఆయన ఆమెను తన తల్లి గుడారములోనికి తీసికొనిపోయెను, ఆమెను ప్రేమించెను, దుఃఖము తీరి ఆదరణ పొందెను. మీ ప్రియమైన చోటికి మీరు ప్రేమించినవారిని తీసికొని వెళ్లునప్పుడు, మీ కన్నులతో చూడుమని వారిని బలవంతపెట్టవద్దు. వారి కన్నులతో మీరును ఒక మారు చూడుడి.

కూడికలలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీకు ప్రియమైన ఆరుబయటి చోటు ఏది? మీ భర్తకు లేక భార్యకు ప్రియమైన చోటు ఏదో మీకు తెలియునా? ఎప్పుడైనను అడిగితిరా?

2. మీరు అందమని చూచు దృశ్యములో పని చేయుచున్న మనుష్యులెవరు? వారికి ఆ చోటు ఎట్లు కనబడును?

3. బెయేర్ లహాయిరోయి హాగరునకు ఏమైయుండెను, ఇస్సాకునకు ఏమైయుండెను? మన గ్రామములో ఇట్లు ఇద్దరికి రెండు విధములైన చోటు కలదా?

4. ఈ నెలలో ఒక సాయంకాలము, దంపతులు ఒకరి చోటికి ఒకరు వెళ్లి, వెళ్లినవారు మాటలాడక వినుటకు తీర్మానించుకొనగలరా?